పెత్రమాస బియ్యంలో ఒక పేరు

మా నాయిన ప్రతి పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, చనిపోయిన పెద్దలకు బియ్యమిస్తాడు. మా ఊరు గట్టుప్పల్, నల్లగొండ జిల్లా. పొద్దున్నే తలకు పోసుకొని, చేటలో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ, ఇంట్లో ఉన్న నాలుగు కూరగాయలు, పైన దక్షిణ పెట్టుకొని అయ్యగారి ముందు కూర్చుంటాడు. అయ్యగారు గోత్రం అడుగుతాడు, పేర్లు అడుగుతాడు. నాయిన మా ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు, తాత పేరు, నాయనమ్మ పేరు చెప్తాడు. అక్కడ కాసేపు ఆగి "అంతే" అంటాడు. ఎందుకు ఆగుతాడో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత తెలిసింది, మా పెద్దతాత పేరు ఆయన గొంతు దాకా వచ్చి ఆగిపోయేదని.

పెద్దతాత అంటే మా తాతకు అన్న. 1948 ఎండాకాలంలో ఊరు విడిచి పోయాడు. నాయిన అప్పటికి పొత్తిళ్లలో ఉన్నాడు. రజాకార్ల కాలం. నూలు దొరకదు, దొరికినా నేసిన చీరెలు కొనేవాళ్లు లేరు. షావుకారి దగ్గర ఇరవై చీరెల మూట తీసుకొని, సోలాపూర్‌లో అమ్ముకొస్తానని బయలుదేరాడట. సోలాపూర్ నిజాం రాజ్యానికి అవతల, బొంబాయి రాష్ట్రంలో ఉండేది. అక్కడ మన పద్మశాలీలు అప్పటికే బాగా స్థిరపడ్డారు. నెల అయింది, రెండు నెలలయింది. సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయి నిజాం రాజ్యమే పోయింది. పెద్దతాత మాత్రం రాలేదు. మూట బాకీ మా తాత మీద పడింది. మూడేళ్లు ఆ షావుకారికే కూలికి నేసి తీర్చాడు.

పెద్దతాత భార్య అంతకు ముందే పురిట్లో చనిపోయింది. పిల్లలు లేరు. ఆయన కోసం ఎదురుచూసింది మా ముత్తవ్వ ఒక్కతే. కొడుకు పేర బియ్యమిద్దామని ఎవరన్నా అంటే ఆమె ఊరుకునేది కాదట. "బతికున్నోని పేర బియ్యమిస్తే ఆయుష్షు కోసినట్టే" అనేదట. ఆమె పోయింది, మాట మిగిలింది. తాత ఆ మాట దాటలేదు, నాయినా దాటలేదు. నాయనమ్మకు మాత్రం కోపం చల్లారలేదు. 2003లో ఆమె కన్నుమూసే దాకా మా ఇంట్లో పెద్దతాతకు ఒకటే పేరు: "మూటెత్తుకపోయినోడు".

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతిలో అనువంశికత పాఠం వచ్చినప్పుడల్లా మెండెల్ బఠానీ మొక్కలతో మొదలుపెట్టి, మీ ఇంట్లో చెవి తమ్మెలు ఎవరివి ఎవరికి వచ్చాయో చూసి రమ్మని పిల్లలను పంపుతుంటాను. అదే పాఠం నా ఇంటికి ఇలా వస్తుందని అనుకోలేదు.

2022 చలికాలంలో డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు డీఎన్ఏ టెస్ట్ కిట్ ఒకటి కొన్నాడు. అక్కడ పండుగలకు తగ్గింపు ధరలో అమ్ముతారు. ట్యూబులో ఉమ్మి పంపితే నెలా నెలన్నరలో రిజల్ట్ ఆన్‌లైన్‌లో వస్తుంది. మొదట వచ్చింది ఒక మ్యాపు. దక్షిణ భారతం మీద రంగు పూసి, తొంభై పైచిలుకు శాతం ఇక్కడే అని, మిగతాది అటూ ఇటూ అని రాశారు. మనం దక్షిణ భారతం వాళ్లమని తెలుసుకోవడానికి అమెరికా లాబ్ అవసరం లేదు. పైగా ఆ శాతాలు మన రక్తంలో రాసిపెట్టి ఉన్నవి కావు. కంపెనీ దగ్గర ఉన్న నమూనాలతో మనది పోల్చి వేసే అంచనాలు. నమూనాలు మారితే శాతాలూ మారతాయి. కొన్ని నెలలకు తమ్ముడి మ్యాపు మారనే మారింది. ఈ టెస్టులు చేయించుకునే వాళ్లలో చాలామంది ఆ మ్యాపు చూసి, ఫోటో తీసి పెట్టి, ఇక మళ్లీ ఆ వైపు చూడరు. అసలు విషయం ఉండేది దాని పక్కన ఉన్న చుట్టాల లిస్టులో.

ఆ లిస్టు తెరిస్తే వెయ్యికి పైగా పేర్లు. అందరూ మూడో కజిన్, నాలుగో కజిన్ అని, అంటే మూడు నాలుగు తరాల వెనకటి తోబుట్టువుల సంతతి అని. తమ్ముడు ఉత్సాహంగా కొందరికి రాశాడు. ఒకరిది వరంగల్, ఒకరిది కరీంనగర్, ఇద్దరివి భివండీ, ఒకరిది సూరత్. ఎవరితోనూ చుట్టరికం తేలలేదు. తేలదు కూడా. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. దేశంలోని 25 గుంపులకు చెందిన 132 మంది డీఎన్ఏ చూసి, మన గుంపుల్లో చాలావాటికి మూలపురుషులు కొద్దిమందేనని, ఆ తర్వాత వేరే గుంపులతో కలవడం చాలా తక్కువని చెప్పారు. 2017లో మరింత పెద్ద పరిశోధన వచ్చింది. 263 గుంపులను చూస్తే, అందులో 81 గుంపుల్లో ఈ లక్షణం, దీనికి పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల్లో, యూరప్‌కు చెందిన అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ మత్తులో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం తొందరగా దిగదని డాక్టర్లకు తెలుసు. దాని వేరు కూడా ఇక్కడే ఉంది.

అంటే కులం లోపలే వందల ఏళ్లు పెళ్లిళ్లు జరిగితే, ఆ కులంలో ఎవరిని ఎవరితో పోల్చినా ఎంతో కొంత కలుస్తుంది. చిన్న చిన్న ముక్కలు బోలెడన్ని కలిసి, యంత్రానికి దగ్గరి చుట్టంలా కనిపిస్తాయి. అందుకే మన వాళ్లు మొత్తం అంకె ఒక్కటే చూసి మోసపోకూడదు. కలిసిన వాటిలో అన్నిటికంటే పొడుగు ముక్క ఎంతో చూడాలి. ఈ పొడుగును సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. పాత కాలం నుంచి వచ్చిన ముక్కలు తరతరానికి తెగి తెగి ఏడెనిమిదికి, పదికి చేరతాయి. దగ్గరి చుట్టాలవి తెగడానికి ఇంకా టైమ్ చాలలేదు కాబట్టి పొడుగ్గా ఉంటాయి.

తమ్ముడి లిస్టులో పైన ఒకే ఒక మ్యాచ్ వేరుగా ఉంది. రెండు ఇంగ్లిష్ అక్షరాలు తప్ప పేరు లేదు, ఫోటో లేదు. మొత్తం 417 సెంటీమోర్గాన్లు, పొడుగు ముక్క 70కి పైనే. "ఫస్ట్ కజిన్, వన్స్ రిమూవ్డ్", అంటే ఒక తరం తేడాతో కజిన్ అని వెబ్‌సైట్ అంచనా. మా నాయినకు గానీ అమ్మకు గానీ మాకు తెలియని అన్నదమ్ముల పిల్లలు, మేనత్త పిల్లలు ఎవరూ లేరు. తమ్ముడు మెసేజ్ పెట్టాడు. జవాబు లేదు. ఆ సంగతి అక్కడే ఉండిపోయింది.

2023 ఏప్రిల్‌లో అమ్మా నాయినా ఆరు నెలలకు డల్లాస్ పోయారు. నాయిన ఉమ్మి తీసుకుందామని తమ్ముడు అడిగాడు. నాయిన వెంటనే ఒప్పుకోలేదు. ఆయన యాభై ఏళ్లు గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి, ఏదైనా లెక్క తేలితే తప్ప ముందుకు పోడు. తమ్ముడు వివరించాడు: నీ దాంట్లో సగం నాకొచ్చింది, నీకు మీ నాయినలో సగం వచ్చింది. నాయిన విని, "అయితే నూలు ప్రతి మనిషి కాడ సగం తీసేసుకుంట పోతే, పిల్లల పిల్లల కాడికి పోయేసరికి ఏం మిగులుతది?" అన్నాడట. ఆయన అడిగిందే ఈ మొత్తం విద్యలో ముఖ్యమైన ప్రశ్న. అన్నదమ్ముల పిల్లలు సుమారు పన్నెండున్నర శాతం పంచుకుంటారు. వాళ్ల పిల్లలు మూడు శాతం పైచిలుకు. ఆ తర్వాతి తరం, అంటే మూడో కజిన్లు, ఒక శాతం కూడా కాదు. వాళ్లలో పది మందిలో ఒకరికి కొలవదగ్గ ముక్క ఒక్కటీ కలవదు. ఇంకో తరం కిందికి దిగితే సగం మందికి కలవదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల ఉమ్మి తీసుకోవాలి అనేది ఇందుకే. వాళ్లతోపాటు వాళ్ల దగ్గర ఉన్న సగం కూడా పోతుంది.

నాయిన సరే అన్నాడు. అన్నాక ఇంకో కష్టం. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. ట్యూబులో గీత దాకా ఉమ్మాలి, నురగ లెక్కలోకి రాదు. బీపీ గోలీలకు ఆయన నోరు ఎప్పుడూ ఎండుకుపోయి ఉంటుంది. చెంపలు రుద్దుకున్నా రాలేదు. చివరికి అమ్మ పక్కన కూర్చొని చింతకాయ తొక్కు ఎట్లా నూరేది, పచ్చి మిరపకాయ ఎంత వేసేది చెప్తూ పోతే ట్యూబు నిండింది. అంత చేసి పంపితే లాబ్ వాళ్లు డీఎన్ఏ సరిపోలేదన్నారు. పెద్దవాళ్ల విషయంలో ఇది జరుగుతుంటుంది, ఒక్కసారికే వదిలేయకండి. రెండో కిట్ మీద రిజల్ట్ వచ్చింది.

ఆ రోజు రాత్రి పదకొండున్నరకు తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. వాడికి అక్కడ పగలు. "అక్కా, ఆ పేరు లేని మ్యాచ్ నాయినకు కూడా వచ్చింది. 438" అన్నాడు.

నేను పిల్లల నోట్‌బుక్ వెనక పేజీ తీసి లెక్క వేశాను. నాయినకు 438 ఉంటే, అందులో సుమారు సగం, అంటే 220 ప్రాంతంలో తమ్ముడికి రావాలి. వాడికేమో 417 ఉంది. సగం కాలేదు. పాఠం తప్పా, లాబ్ తప్పా? కాసేపటికి నాకు తట్టింది. "అమ్మది కూడా తీయించు" అన్నాను. ఆ మాట అన్నాక ఇక నిద్ర పట్టలేదు.

నెల దాటాక అమ్మ రిజల్ట్ వచ్చింది. అదే మనిషి, 402.

438లో సగం 219. 402లో సగం 201. రెండూ కలిపితే 420. తమ్ముడి అంకె 417. అంటే ఆ మనిషి వాడికి నాయిన వైపు నుంచీ చుట్టమే, అమ్మ వైపు నుంచీ చుట్టమే.

మా అమ్మానాయినలది మేనరికం. మా అమ్మ నాయినకు మేనత్త బిడ్డ. నాయిన తండ్రి, అమ్మ తల్లి తోబుట్టువులు. ఆ ఇంట్లో మొత్తం ముగ్గురు పిల్లలు: పెద్దతాత, మా తాత, మా అమ్మమ్మ. మొదట తమ్ముడు కాస్త తడబడుతూ, తాతకే బయట ఇంకో సంసారం ఉందేమో అన్నాడు. ఇట్లాంటి టెస్టుల్లో ఇట్లాంటివి బయటపడతాయి, ఆ భయం నాకూ ఉంది. కానీ అంకెలే అడ్డం తిరిగాయి. ఈ మనిషి మా తాత మనవడైతే నాయినతో 870 దాకా కలవాలి, అమ్మతో దాంట్లో సగమే కలవాలి. అమ్మమ్మ వైపు నుంచి వచ్చినవాడైతే దానికి తలకిందులు. ఇద్దరితో ఒక తీరుగా కలిసిందంటే, ఆ ముగ్గురిలో మూడో మనిషి మనవడే. పెద్దతాత మనవడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వెబ్‌సైట్‌కు తెలిసిన వరస ఒక్కటే, కజిన్. పెదనాయిన కొడుకూ కజినే, మేనత్త కొడుకూ కజినే. మన దగ్గర ఒకరు అన్న, ఒకరు బావ. మేనరికంలో రెండు దార్లు కలిసినప్పుడు వరస గందరగోళం అవుతుందేమో అని నేను కాగితం మీద చూసుకున్నాను. నాయిన వైపు నుంచి పోతే ఆ అబ్బాయి తండ్రి నాయినకు తమ్ముడు, కాబట్టి మాకు చిన్నాయన. అమ్మ వైపు నుంచి పోతే అమ్మకు మేనమామ కొడుకు, బావ వరస. అమ్మకు బావ అంటే మాకు మళ్లీ నాయినల వరసే. ఎటు నుంచి లెక్కేసినా ఆ అబ్బాయి మాకు తమ్ముడే అయ్యాడు. మన వరసలు కట్టిన వాళ్లు ఎంత ఆలోచించి కట్టారో ఆ రాత్రి నాకు తెలిసింది.

అమ్మానాయినలు సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. జవాబు 2024 జనవరిలో వచ్చింది. ఆ అబ్బాయి ఉద్యోగానికి షికాగోలో ఉంటాడు. ఫ్రెండ్స్ అందరూ చేయించుకుంటుంటే తనూ చేయించుకొని, మ్యాపు చూసి వదిలేశాడు. సొంత ఊరు సోలాపూర్. "మా తాత హైదరాబాద్ వైపు నుంచి వచ్చాడు. ఊరు గట్టు అనేవాడు" అని రాశాడు. ఇంటిపేరు చెప్పాడు. మాదే, మరాఠీ నోట్లో చివరి అక్షరం కాస్త అరిగింది, అంతే.

గట్టు. ఆ మాట చదివి నేను చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. వాళ్లు మమ్మల్ని వెతకలేదని కాదు, వెతికారు. ఆ అబ్బాయి తండ్రి, అంటే మా చిన్నాయన, 1996లో సోలాపూర్ నుంచి రాయచూరు దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి బస్సులో గద్వాల దిగి, గట్టుకు పోయాడు. గద్వాల దగ్గర గట్టు అనే ఊరు నిజంగానే ఉంది, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో. ఆ చుట్టుపక్కల నేతగాళ్లూ ఉన్నారు. రెండు రోజులు మగ్గాలున్న ప్రతి ఇంట్లో ఇంటిపేరు చెప్పి, గోత్రం చెప్పి, తండ్రి పేరు చెప్పి అడిగాడు. ఎవరూ ఎరుగమన్నారు. పెద్దతాత 1988లోనే చనిపోయాడు, ఇంకెవరిని అడగాలో తెలియక తిరిగి పోయాడు. ఒక ఊరి పేరులో సగం నోట్లోంచి జారిపోతే ఇరవై ఏడేళ్లు ఎటు పోయాయో చూడండి.

మా కులానికి కథ చెప్పే కూనపులివాళ్లు వస్తే పటం విప్పి మార్కండేయుడి కథ, భావనారుషి కథ, నూటొక్క గోత్రాలు పుట్టిన తీరు రాత్రంతా చెప్తారు. చిన్నప్పుడు తాత ఒళ్లో కూర్చొని విన్నాను. అంత పై నుంచి వంశం చెప్పేవాళ్లున్నారు, రెండు తరాల కింద తప్పిపోయిన ఒక్క మనిషి జాడ చెప్పే దిక్కు లేకపోయింది. అట్లా అని డీఎన్ఏ ఒక్కటే దీన్ని తేల్చిందని నేను అనను. అంకెలు ఒక మనిషి ఉన్నాడని చెప్పాయి. ఆ మనిషి ఎవరో చెప్పింది మాత్రం మా ఇంట్లో ముగ్గురు తోబుట్టువులని, మేనరికమని, మూట అని మాకు మా పెద్దలు మాటిమాటికీ చెప్పిన ముచ్చట్లు. నాయనమ్మ తిట్టి తిట్టి ఆయనను బతికించి ఉంచింది. ఆమె తిట్టకపోతే మాకు పెద్దతాత ఒకడున్నాడనే తెలియకపోను.

మొదటి ఫోన్ నాయిన, చిన్నాయన మాట్లాడుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. చిన్నాయన తెలుగులో మరాఠీ కలుస్తుంది గానీ, నాడె, కండె, పడుగు లాంటి మగ్గం మాటలన్నీ మా ఇంటి మాటలే. చాలాసేపు ఇద్దరూ ఆరోగ్యాలు, మగ్గాలు, చద్దర్ల ధరలు మాట్లాడారు. తర్వాత చిన్నాయన అన్నాడు:

"అన్నా, మా నాయిన పోయేదాంక ఒకటే మాట. మూట లెక్క తీరలేదు, ఏ మొకం పెట్టుకొని పోవాలె అని."

నల్‌దుర్గ్ దాటేముందు, సుంకం వసూలు చేసే నాకా దగ్గర కరోడ్‌గిరి వాళ్లు పెద్దతాత మూట గుంజుకున్నారట. చీరెలూ పోయాయి, చేతిలో పైసా లేదు. సోలాపూర్ మిల్లులో కూలికి చేరాడు. షావుకారి మనుషులు వెతుక్కుంటూ వస్తారేమో అని పేరు మార్చి రాయించుకున్నాడు. డబ్బు జమ చేసుకొని పోదామనుకుంటే పెళ్లి, పిల్లలు, మిల్లు సమ్మెలు. ఏడాది మీద ఏడాది పోయింది. సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కు మూడు వందల కిలోమీటర్లు. పుణె నుంచి సోలాపూర్ మీదుగా వచ్చే 65వ నంబర్ హైవేనే హైదరాబాద్ దాటి మా చౌటుప్పల్ మీదుగా పోతుంది. అదే రోడ్డు మీద రోజూ సోలాపూర్ చద్దర్ల లారీలు వస్తూనే ఉన్నాయి. ఆయన నలభై ఏళ్లు రాలేకపోయాడు.

నాయిన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని, గొంతు సవరించుకొని, "తీరింది తమ్ముడా. మా నాయిన మూడేండ్లల్ల తీర్చిండు. లెక్క లేదు" అన్నాడు. అవతల చిన్నాయన ఏడుస్తున్నట్టు వినబడింది. నాయిన ఏడవలేదు గానీ ఆ రోజు సాయంత్రం అన్నం తినలేదు.

ఈ టెస్ట్ చేయించుకోవాలా అని మా స్కూల్లో టీచర్లు అడుగుతున్నారు. చేయించుకోండి అని గుడ్డిగా చెప్పలేను. ఒక మనిషి ఉమ్మి ఇస్తే ఆ మనిషి ఒక్కరిదే ఇచ్చినట్టు కాదు, అన్నదమ్ములది, పిల్లలది, పుట్టబోయే వాళ్లది కూడా ఇచ్చినట్టు. 2023లో అమెరికాలో 23 అండ్ మీ అనే పెద్ద కంపెనీలో, వేరే సైట్లలో వాడిన పాస్‌వర్డ్‌లనే మళ్లీ పెట్టుకున్న సుమారు పద్నాలుగు వేల ఖాతాల్లోకి దొంగలు చొరబడి, చుట్టాల లిస్టుల ద్వారా 69 లక్షల మంది వివరాలు పట్టుకుపోయారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి మేం పని అయ్యాక నాయిన, అమ్మల డేటా దించుకొని వాళ్ల ఖాతాలు తీసేయించాం, నమూనాలు కూడా పారేయమని రాశాం. ఇంట్లో దాచిన సంగతులేవైనా ఉంటే, పెద్దవాళ్లు వాటిని తట్టుకోగలరా అని ముందే ఆలోచించుకోండి. మాకు మంచి జరిగింది. అందరికీ ఇదే జరుగుతుందని చెప్పను.

తమ్ముడూ, షికాగో తమ్ముడూ ఇద్దరూ కలిసి చిన్నాయనది కూడా చేయించారు. ఖాతాలు మూసేముందే అది వచ్చింది. నాయినతో 894, అమ్మతో 823. అన్నదమ్ముల పిల్లలకు, మేనమామ మేనత్త పిల్లలకు ఎంత ఉండాలో అంత. అప్పటికి ఆ అంకెలు ఎవరికీ అవసరం లేదు. నాయిన మాత్రం ఆ కాగితం ప్రింట్ తీయించి, ఇంటి పత్రాలున్న పెట్టెలో పెట్టుకున్నాడు.

2024 పెత్రమాస అక్టోబర్ 2న వచ్చింది. ముందు రోజు సాయంత్రం చిన్నాయన, చిన్నమ్మ సోలాపూర్ నుంచి బస్సులో దిగారు. చిన్నమ్మ అక్కడ బీడీలు చుట్టేది, వేళ్ల చివర్లు ఇంకా పసుపుగా ఉన్నాయి. చిన్నాయన మనిషి పొట్టి, నడిచేటప్పుడు ఎడమ భుజం కిందికి వంగుతుంది. వాకిట్లోకి వస్తుంటే అమ్మ చూసి, "మా మామ నడకే" అని లోపలికి పోయింది. ఆమె అన్న మామ మా తాత.

గుంట మగ్గం తీసేసి చాలా ఏండ్లయింది, గుంత పూడ్చి మీద బండలు పరిచాం. చిన్నాయన ఆ బండల మీద చెప్పులు విడిచి కాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత తన మూట విప్పాడు. సోలాపూర్ చద్దర్లు, ఒక్కొక్కటే తీసి నాయిన ముందు పెట్టాడు. నేను లెక్కపెట్టాలనుకోలేదు గానీ లెక్కపెట్టాను. ఇరవై ఉన్నాయి. లెక్క లేదన్నాను గదా అని నాయిన అనబోయి, అనకుండా, పైన ఉన్న దాన్ని తీసి భుజాల మీద కప్పుకున్నాడు.

మరునాడు పొద్దున ఇద్దరూ పక్కపక్కన అయ్యగారి ముందు కూర్చున్నారు. బయట ఎంగిలిపూల బతుకమ్మకు పిల్లలు తంగేడు, గునుగు పూలు తెచ్చి చాప మీద పోస్తున్నారు. చేటలో బియ్యం ఈసారి రెండింతలు ఉన్నాయి. అయ్యగారు గోత్రం అడిగితే ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు, తాత పేరు, నాయనమ్మ పేరు అయ్యాయి. నాయిన ఆగాడు. ఇంకెవరన్నా ఉన్నారా అని అయ్యగారు అడిగాడు.

"ఉన్నడు. మా పెదనాయిన. ఊర్ల ఒక పేరు, సోలాపూర్‌ల ఒక పేరు" అని నాయిన రెండూ చెప్పాడు.

ఏ పేరు మీద ఇవ్వాలె అని అయ్యగారు అడిగాడు. నాయిన చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయనకు తండ్రి అసలు పేరు, అంటే మా ముత్తవ్వ పెట్టుకున్న పేరు, మొన్న మొన్నటి దాకా తెలియదు, ఆ ఫోన్‌లో నాయిన చెప్తే తెలిసింది.

"వాళ్లమ్మ పిలిచిన పేరే చెప్పన్నా" అన్నాడు.